ఎమ్మారైలో చిరుగు కనిపించింది, భుజానికి ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది విజయనగరం జిల్లా. పదేళ్లుగా వెయిట్‌లిఫ్టింగ్ చేస్తున్నాను. స్నాచ్ (బార్‌ను ఒకే ఊపులో తలపైకి లేపడం) 112 కేజీలు, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి) 140 దాకా లేపాను. ఏడు నెలలుగా కుడి భుజం నొప్పి. దెబ్బ తగిలి వచ్చింది కాదు. మొదట్లో స్నాచ్‌లో బార్ కింద కూర్చునేటప్పుడే ఉండేది, ఇప్పుడు రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నాను. ఎమ్మారైలో నాలుగు విషయాలు రాశారు: సుప్రాస్పినేటస్ టెండన్‌లో (భుజం పైనుండే కండను ఎముకకు కలిపే పట్టీ) కీలు వైపు పాక్షిక చిరుగు, అదీ మందంలో సగం కన్నా తక్కువ, టైప్ 2 స్లాప్ టేర్, టైప్ 2 ఆక్రోమియన్, ఏసీ జాయింట్‌లో కొద్దిగా వాపు. ఒక సర్జన్ వెంటనే కీహోల్ ఆపరేషన్ చేయించుకో, లేకపోతే చిరుగు పెద్దదవుతుందన్నారు. ఇంకో డాక్టరు ఫిజియోథెరపీ చాలన్నారు. నెల రోజులు పూర్తిగా మానేశాను, ఇరవై రోజులు ఫిజియో దగ్గర కరెంటు పెట్టించుకున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. మా మాస్టారేమో కోత పడితే లిఫ్టర్ పని అయిపోయినట్టే అంటారు. ఐదు నెలల్లో రాష్ట్ర పోటీలున్నాయి. ఏం చేయమంటారు?

సమాధానం: ఇప్పుడే ఆపరేషన్ వద్దు. పన్నెండు వారాలు లెక్కగా, బరువులతో, రాసుకుంటూ భుజాన్ని బాగుచేసే ప్రయత్నం చేయండి. ఆ తర్వాత కూడా దారికి రాకపోతే అప్పుడు ఆపరేషన్ మాట ఎత్తుదాం. అలా ఎందుకంటున్నామో, ఏం కనిపిస్తే మా మాట మార్చుకుంటామో వివరంగా చెబుతాం. ఎందుకంటే మీ సర్జన్ భయపడుతున్న ప్రమాదం కొందరి భుజాల్లో నిజమే.

ముందు ఆ "కొందరి" సంగతి. బరువెత్తుతుండగా భుజంలో టప్‌మని శబ్దం వచ్చి, మర్నాటి నుంచి చెయ్యి పక్కకు లేవకపోతే అది టెండన్ పూర్తిగా తెగిన లక్షణం. అలాంటప్పుడు ఆగకూడదు, వారాల్లోనే ఆపరేషన్ చేయించాలి. ఎముక నుంచి ఊడిన టెండన్ నెలలు గడిచేకొద్దీ వెనక్కి ముడుచుకుపోతుంది, దాని కండలోకి కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వు తర్వాత ఎంత బాగా కుట్టినా పోదు. బెంచ్ ప్రెస్‌లో ఛాతీ కండ తెగి చంక ముందు మడత చెదిరినా ఇదే తొందర. స్నాచ్ వెనక్కి పడిపోతుంటే బార్ వదలకుండా పట్టుకుని భుజం జారిన కుర్రాళ్లది మరో రకం. ఇరవై లోపు వయసులో ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ, చెయ్యి ఎముక తల కూర్చునే గిన్నె అంచు ఎముక అరిగితే ఇంకా ఎక్కువ. వాళ్లకు త్వరగా ఆపరేషన్ చెప్పడం సబబే. మీకు ఈ మూడూ లేవు. నొప్పి మెల్లగా మొదలై, మెల్లగా పెరిగింది.

అయినా చెయ్యి పట్టి చూడకుండా రాస్తున్నాం కాబట్టి, ఒక స్నేహితుడిని పక్కన పెట్టుకుని ఇంట్లోనే నాలుగు పరీక్షలు చేసుకోండి. మోచెయ్యి నడుముకు ఆనించి తొంభై డిగ్రీలు వంచండి. స్నేహితుడు మీ ముంజేతిని బయటికి తిప్పగలిగినంత తిప్పి వదిలేయాలి. చెయ్యి అక్కడే నిలబడాలి. తలుపు మూసుకున్నట్టు లోపలికి పడిపోతే బయటికి తిప్పే టెండన్ తెగి ఉండొచ్చు. రెండోది, అరచెయ్యి పొట్ట మీద పెట్టి మోచెయ్యి ముందుకు ఉంచి గట్టిగా నొక్కండి. మోచెయ్యి వెనక్కి జారి మణికట్టు వంగిపోతే ముందు వైపు సబ్‌స్కాపులారిస్ కండ బలహీనంగా ఉన్నట్టు. మూడోది, చెయ్యి పూర్తిగా పైకెత్తి పక్క నుంచి నెమ్మదిగా దించండి. మధ్యలో దబ్బున పడిపోకూడదు. నాలుగోది, చొక్కా విప్పి వీపు ఫొటో తీయించుకోండి. కుడి రెక్క ఎముక మీద, ఎడమ వైపు లేని గుంట కనిపిస్తోందా? కనిపిస్తే లాబ్రమ్ (కీలు గిన్నె చుట్టూ ఉండే మెత్తటి అంచు) పక్కన నీటి తిత్తి పెరిగి నరాన్ని నొక్కుతుండొచ్చు. ఆ సంగతి ఎమ్మారై ఫిల్మ్ చూపించి అడగాలి.

ఈ నాలుగింట్లో నొప్పి రావడం వేరు, చెయ్యి నిలబడకపోవడం వేరు. నొప్పితోనైనా నిలబడితే భయం లేదు. ఏ ఒక్కదాంట్లో చెయ్యి నిలబడకపోయినా, గుంట కనిపించినా ఈ ఉత్తరం పక్కన పెట్టి వారంలోపు భుజం స్పెషలిస్టును కలవండి. నొప్పి మోచెయ్యి దాటి వేళ్ల దాకా జివ్వుమంటూ దిగుతుంటే మెడ కూడా చూపించాలి.

ఇక ఆ ఎమ్మారై కాగితం. నాలుగు వాక్యాలూ నాలుగు జబ్బుల్లా కనిపించి మిమ్మల్ని కంగారు పెట్టాయి. ఒక్కొక్కటే చూద్దాం.

పాక్షిక చిరుగు: తలపైకి చెయ్యెత్తి ఆడే ఆటగాళ్ల భుజాల్లో ఇది అరుదేమీ కాదు. ఏ నొప్పీ లేని 20 మంది మేటి టెన్నిస్, బేస్‌బాల్ ఆటగాళ్లకు ఎమ్మారై తీసిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. ఆడే చేతి వైపు భుజంలో 8 మందికి పాక్షికంగానో పూర్తిగానో చిరుగు కనిపించింది, రెండో భుజంలో ఒక్కరికీ లేదు. ఐదేళ్ల తర్వాత వాకబు చేస్తే ఆ భుజాలతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. అంటే చిరుగూ నొప్పీ ఒకే భుజంలో ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని అనుకోలేం. మరి పెద్దదవుతుందన్న మాట? కొన్ని పెద్దవవుతాయి, ఏళ్ల మీద, మెల్లగా. సగం మందం కూడా లేని చిరుగు మూడు నెలల్లో మిమ్మల్ని ముంచేయదు. ఆర్నెల్లకో ఏడాదికో అల్ట్రాసౌండ్‌తో మళ్లీ చూసుకోవచ్చు, ఈలోగా బలం తగ్గితే వెంటనే చూసుకోవాలి. అయితే ఈ ధీమా పాక్షిక చిరుగు వరకే. పూర్తి మందం చిరుగుల మీద నార్వేలో 103 మందిని పదేళ్లు గమనించారు. మొదట్లో ఆపరేషన్‌కూ ఫిజియోకూ తేడా తక్కువే కానీ, ఏళ్లు గడిచేకొద్దీ కుట్టించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. రేపు మీ కాగితంలో "పూర్తి" అన్న మాట వస్తే మా జవాబూ మారుతుంది.

టైప్ 2 ఆక్రోమియన్: ఇది జబ్బు పేరు కాదు, ఎముక ఆకారం. పైకప్పు లాంటి ఆ ఎముక కొంచెం వంపుగా ఉందని అర్థం, చాలామందికి అలాగే ఉంటుంది. టెండన్‌కు రాసుకుంటోందని దాన్ని చెక్కే ఆపరేషన్లు ప్రపంచమంతా లక్షల్లో జరిగాయి. బ్రిటన్‌లో, ఫిన్లండ్‌లో కొందరికి నిజంగా చెక్కి, కొందరికి లోపల కెమెరా పెట్టి చూసి ఊరకే బయటికి వచ్చారు. 2018లో రెండు చోట్లా ఫలితాలు వెలువడ్డాయి. రోగికి తెలిసేంత తేడా లేదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మార్గదర్శకం, ఈ రకం నొప్పికి ఆ చెక్కుడు వద్దని గట్టిగానే చెప్పింది. మీ ఎస్టిమేట్ కాగితంలో "సబ్ ఆక్రోమియల్ డీకంప్రెషన్" అని ఉంటే ఎందుకని అడగండి.

టైప్ 2 స్లాప్: గిన్నె పై అంచున, బైసెప్స్ టెండన్ అతుక్కునే చోట లాబ్రమ్ ఊడటం. లిఫ్టర్లం ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. నార్వేలోనే 118 మందిని మూడు గుంపులు చేసి ఒకరికి లాబ్రమ్ కుట్టారు, ఒకరికి బైసెప్స్ టెండన్‌ను కిందికి మార్చి బిగించారు, ఒకరికి కోత మాత్రం పెట్టి ఏమీ చేయలేదు. 2017లో ప్రచురించిన ఆ లెక్కల్లో రెండేళ్ల తర్వాత మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. వాళ్లంతా లిఫ్టర్లు కారు, నిజమే. కానీ లిఫ్టర్‌కు దీనివల్ల ఇంకో నష్టం ఉంది. లాబ్రమ్ బిగించి కుట్టినప్పుడు భుజం బిగుసుకుపోవడం మామూలే. ఆఫీసులో కూర్చునేవాళ్లకు పైకి లేచే చెయ్యి పది డిగ్రీలు తగ్గినా తెలియదు. మీకు స్నాచ్‌లో బార్ చెవుల వెనక గీత మీద నిలవాలి. అక్కడ పది డిగ్రీలు తగ్గితే బార్ నుదుటి ముందుకు వచ్చేస్తుంది, దాన్ని మోచేతులతో కాపాడబోయి ప్రెస్ అవుట్ (వంగిన మోచేతిని మళ్లీ చాపి నెట్టే తప్పు) ఇచ్చుకుంటారు. నొప్పి పోయింది, లిఫ్ట్ కూడా పోయింది అన్నట్టవుతుంది. తలుపు తీశాం కదా అని కనిపించినవన్నీ కుట్టేయడమే మీలాంటివాళ్లకు అసలు ముప్పు.

ఏసీ జాయింట్ వాపు: నాలుగింట్లో చాలామంది దాటేసేది, మాకు మాత్రం ఆసక్తి కలిగించింది ఇదే. కాలర్ ఎముక చివర, భుజం మీద గడ్డలా తగిలే చోట వేలితో నొక్కి చూడండి. తర్వాత కుడి చేతిని ఛాతీ మీదుగా ఎడమ భుజం వైపు లాగండి. రెండింట్లోనూ నొప్పి సరిగ్గా ఆ గడ్డ మీదే వస్తే, మీ బాధలో కొంత వాటా అక్కడిది. కాలర్ ఎముక చివర అరిగిపోయే ఈ బాధకు వైద్యుల్లో "వెయిట్‌లిఫ్టర్ల భుజం" అనే పేరే ఉంది. దానికి ముద్దాయి స్నాచ్ కాదు. బెంచ్ ప్రెస్, డిప్స్ (రెండు కడ్డీల మధ్య చేతుల మీద దిగి లేవడం). బార్ ఛాతీని తాకే దాకా దించి, మోచేతులు వీపు వెనక్కి పోయేటప్పుడు ఆ కీలు నలుగుతుంది. ఆ రెండూ ఆపండి, ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది. వెయిట్‌లిఫ్టర్‌కు బెంచ్ ప్రెస్ తప్పనిసరేమీ కాదు, నలుగురూ చేస్తున్నారని చేసేదే.

ఇక మీరు ఇప్పటిదాకా చేసిన వైద్యం. కటువుగా అనిపించినా చెప్పాలి, అది ప్రయత్నం కింద లెక్కకు రాదు. కరెంటు, అల్ట్రాసౌండ్, వేడి కాపడం ఆ పూటకు హాయినిస్తాయి. టెండన్‌కు బలం ఇవ్వవు. నెల విశ్రాంతి ఇంకో రకం మోసం. ఖాళీగా ఉన్న టెండన్ ఇంకా బలహీనపడుతుంది, నొప్పి మాత్రం తగ్గుతుంది. తగ్గిందని మళ్లీ మొదటి వారంలోనే వంద కేజీల దగ్గరికి వెళ్లి ఉంటారు. పాత బరువు, కొత్తగా బలహీనపడ్డ టెండన్. తిరగబెట్టక ఏమవుతుంది?

పన్నెండు వారాలు ఇలా నడపండి. మీ ఫిజియోకు ఈ కాగితం చూపించి మార్పులు చేయించుకున్నా మంచిదే.

మొదటి మూడు వారాలు తలపైకి బార్ వద్దు. బెంచ్, డిప్స్, మెడ వెనక ప్రెస్ కూడా వద్దు. కాళ్లకు సెలవు లేదు. ఫ్రంట్ స్క్వాట్‌లో ర్యాక్ (బార్‌ను భుజాల ముందు ఆనించే పట్టు) నొప్పెడితే బార్‌కు రెండు స్ట్రాపులు కట్టి వాటిని పట్టుకోండి. క్లీన్ పుల్, స్నాచ్ పుల్ స్ట్రాపులతో చేయండి, మోచేతులు పైకి లాగకుండా. భుజానికి ఒకటే ముఖ్యమైన పని: గుమ్మం పక్కన నిలబడి, మోచెయ్యి నడుముకు ఆనించి, చేతి వెనక వైపుతో గుమ్మాన్ని బయటికి నెట్టడం. మీ పూర్తి బలంలో డెబ్బై శాతంతో 40 సెకన్లు నెట్టి ఒక నిమిషం ఆగండి. అలా ఐదుసార్లు, ఉదయం సాయంత్రం. దీంతో పాటు పుష్ అప్ పైకి వచ్చాక రెక్కలు విచ్చుకునేలా ఇంకో అంగుళం నేలను నెట్టడం, 12 చొప్పున మూడు సెట్లు. రాత్రి వెల్లకిలా పడుకుని మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టుకోండి. భుజం వెనక్కి వేలాడకుండా ఉంటే నిద్ర పడుతుంది.

నాలుగు నుంచి ఎనిమిదో వారం దాకా అసలు పని. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి. ఎడమ పక్కకు పడుకుని, కుడి మోచేతి కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని డంబెల్‌ను బయటికి తిప్పడం: 3 కేజీలతో మొదలుపెట్టి 8 చొప్పున నాలుగు సెట్లు, ఎత్తడానికి మూడు సెకన్లు, దించడానికి మూడు సెకన్లు. నాలుగు సెట్లూ తేలిగ్గా అయితే అర కేజీ పెంచండి. మన జిమ్ముల్లో డంబెళ్లు రెండున్నర కేజీల చొప్పున పెరుగుతాయి. ఈ కండకు అది చాలా పెద్ద మెట్టు, ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. అర కేజీ ప్లేటును టేపుతో చుట్టుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండోది, బొటనవేలు పైకి పెట్టి, చేతులు కాస్త ముందుకు ఏటవాలుగా భుజం ఎత్తు దాకా లేపడం, 10 చొప్పున మూడు. మూడోది, బార్ ఒక కొస గోడ మూలలో ఆనించి రెండో కొసను ఒంటిచేత్తో ఏటవాలుగా పైకి నెట్టడం, 8 చొప్పున నాలుగు. ఇది ప్రెస్‌కు తిరిగి వెళ్లే వంతెన. నాలుగోది ఒంటిచేతి రోయింగ్. ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు వీపు కింద రోలర్ పెట్టుకుని ఛాతీ వెన్నును వెనక్కి వంచండి. పై వెన్ను కదలని లిఫ్టర్ ఆ లోటును భుజంతో పూడ్చుకుంటాడు.

తొమ్మిదో వారం నుంచి తలపైకి. మొదట కర్ర, తర్వాత 20 కేజీల బార్‌తో స్నాచ్ పట్టులో నిలబెట్టి ఉంచడం. తర్వాత పవర్ స్నాచ్ మీ గరిష్ఠంలో నలభై శాతంతో, అంటే 45 కేజీల దగ్గర, రెండేసి చొప్పున ఆరు సెట్లు. వారానికి ఐదు శాతం మించి పెంచొద్దు. పూర్తిగా కూర్చునే స్నాచ్ పదకొండో వారంలో. జెర్క్ కన్నా ముందు పుష్ ప్రెస్. స్నాచ్ బ్యాలెన్స్ అన్నిటికన్నా చివర, ఎందుకంటే అందులో బార్ భుజం మీద దబ్బున దిగుతుంది. తలపైకి చేసే రోజులు వారానికి రెండే, వాటి మధ్య కనీసం రెండు రోజులు ఎడం. ఒక లిఫ్ట్ తప్పిపోతోందనిపిస్తే చేతులు వదిలేసి ముందుకు జరగండి. వెనక్కి పోతున్న బార్‌ను పట్టుకుని వేలాడటమే భుజాల్ని తీసేస్తుంది.

నొప్పి ఎంత వరకు ఫరవాలేదు? పదికి మూడు దాకా రావొచ్చు, మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి వచ్చేస్తే చాలు. వరుసగా రెండు రాత్రులు నిద్ర చెడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, పూర్తిగా ఆపేయకండి.

మెరుగవుతోందో లేదో మనసుకు వదిలేయకుండా తూచండి. లగేజీ తూచే డిజిటల్ స్కేల్ ఒకటి కొనండి. దాని కొక్కేన్ని తువ్వాలుతో కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని, మోచెయ్యి నడుముకు ఆనించి చేతిని బయటికి లాగండి. మూడుసార్లు లాగి ఎక్కువ వచ్చినది రాసుకోండి, ఎడమ చేతిదీ అలాగే. రెండు వారాలకోసారి ఇదే కిటికీ, ఇదే ఎత్తు. ఈ రోజు ఎడమ 14, కుడి 10 అనుకుందాం. కుడిది ఎడమదానిలో తొంభై శాతానికి, అంటే పన్నెండున్నరకు చేరాకే స్నాచ్‌లో డెబ్బై శాతం దాటాలి.

పోటీల సంగతి ఇక్కడ కలుస్తుంది. ఇప్పుడు ఆపరేషన్ చేయించుకుంటే ఐదు నెలల తర్వాతి పోటీ ఎలాగూ పోయినట్టే. పన్నెండు వారాలు పోగా మీ చేతిలో ఇంకా ఎనిమిది వారాలు మిగులుతాయి. ప్రయత్నం ఫలించకపోయినా కోల్పోయేది లేదు, సర్జన్ మూడు నెలల తర్వాత కూడా అక్కడే ఉంటారు. ఫలిస్తే, 112 గురించి మర్చిపోయి తక్కువ ఓపెనర్‌తో (మొదటి ప్రయత్నం బరువు) మూడు లిఫ్టులకూ జడ్జీల తెల్లదీపాలు తెచ్చుకోవచ్చు. రోటేటర్ కఫ్‌లో (భుజం కీలు చుట్టూ ఉండే టెండన్ల గుంపు) దెబ్బ తగలకుండా వచ్చిన పూర్తి చిరుగు ఉన్న 452 మందికి అమెరికాలో ముందు వ్యాయామమే ఇచ్చి చూశారు. రెండేళ్లలో ఆపరేషన్ వైపు వెళ్లింది పాతిక శాతం కన్నా తక్కువ, అందులోనూ ఎక్కువమంది మొదటి పన్నెండు వారాల్లోనే తేల్చుకున్నారు. ఈ గడువు పెట్టింది అందుకే.

మధ్యలో ఎవరో ఒకరు ఇంజెక్షన్ అంటారు. రాత్రి నిద్ర లేక వ్యాయామమే చేయలేని పరిస్థితి ఉంటే స్టెరాయిడ్ ఒకసారి వేయించుకోవచ్చు. అదే పనిగా వేయించుకుంటే టెండన్ మెత్తబడుతుంది. వేసిన వారం రెండు వారాలు నొప్పి లేదని బరువు పెంచడం అన్నిటికన్నా ప్రమాదం. పోటీల్లో దిగేవారు కాబట్టి ఇంకో లెక్క: 2022 జనవరి నుంచి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధనల్లో పోటీ సమయంలో ఏ స్టెరాయిడ్ ఇంజెక్షనైనా, కీలులో వేసినదైనా, నిషిద్ధమే. ఒంట్లోంచి పోవడానికి మామూలుగా 3 రోజులు లెక్క. ట్రయామ్సినలోన్ అయితే, మన దగ్గర కెనకార్ట్ పేరుతో వేసేది అదే, 10 రోజులు. మందు పేరు, మోతాదు, తేదీ రాయించి ఆ చీటీ దాచుకోండి. నొప్పికి తేలిగ్గా రాసిచ్చే ట్రమడాల్ కూడా 2024 జనవరి నుంచి పోటీ సమయంలో నిషిద్ధం. జిమ్ స్నేహితులు "టెండన్‌కు అమృతం" అని చేతిలో పెట్టే బీపీసీ-157 పెప్టైడ్ పోటీలున్నా లేకపోయినా నిషిద్ధమే, మనుషుల మీద సరైన పరీక్షలు కూడా కాలేదు. పీఆర్‌పీకి (మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్) నిషేధం లేదు. మీ డబ్బుకు తగ్గ ఫలితం ఇస్తుందని మాత్రం మేం చెప్పలేం.

మరి ఆపరేషన్‌కు ఎప్పుడు సరే అనాలి? పన్నెండు వారాలు నోట్‌బుక్కులో రాసుకుంటూ చేశాక కూడా రాత్రి నొప్పి అలాగే ఉండి, తూకం అంకె ఎనభై శాతం దాటకపోతే, లేదా అంకె తగ్గుతూ పోతే. భుజం మధ్యలో ఇరుక్కుని టక్‌మని వదిలితే. మళ్లీ తీసిన స్కాన్‌లో చిరుగు సగం మందం దాటితే. అప్పుడు కూడా నేరుగా థియేటర్‌కు వెళ్లొద్దు. మీ భుజంలో అనుమానించాల్సిన చోట్లు మూడు ఉన్నాయి. ఆ చోటును మొద్దుబార్చే మత్తు మందు కొద్దిగా ఏసీ జాయింట్‌లో ఒక రోజు, ఆక్రోమియన్ కింద ఇంకో రోజు, అవసరమైతే కీలు లోపల మరో రోజు వేయించి, ఆ అరగంటలో ఖాళీ బార్ పైకెత్తి చూస్తే దేని దగ్గర నొప్పి మాయమైందో తెలుస్తుంది. పని అక్కడే జరగాలి.

సర్జన్‌ను అడగాల్సినవి సూటిగా అడగండి. నా నొప్పి ఈ నాలుగింట్లో దేనిదని మీ నమ్మకం? లోపలికి వెళ్లాక లాబ్రమ్ కాస్త చెదిరి కనిపిస్తే కుడతారా, వదిలేస్తారా? చిరుగును శుభ్రం చేసి వదిలేస్తారా, కుడతారా? సగం లోపు చిరుగును శుభ్రం చేయడంతో సరిపెడితే కోలుకోవడం నెలల్లో ఉంటుంది. కుడితే అది దాదాపు ఏడాది వ్యవహారం. తలపైకి బరువెత్తేవాళ్లకు ఇంతకుముందు చేశారా, వాళ్ల చెయ్యి పూర్తిగా లేచిందా? అనుమతి పత్రంలో "అవసరమైన ఇతర ప్రక్రియలు" అనే గీత ఉంటుంది. దాని పక్కనే "లాబ్రమ్ కుట్టకూడదు" లాంటిది మీరు, సర్జన్ మాట్లాడుకుని రాయించుకోవచ్చు. ఎన్ని యాంకర్లు (టెండన్‌ను ఎముకకు బిగించే చిన్న మేకులు) పడతాయో, ఒక్కోటి ఎంతో ముందే అడగండి, ప్యాకేజీకి అవి బయట ఉండి బిల్లు పెరిగేది అక్కడే. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుంటే (పాత ఆరోగ్యశ్రీ, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది) ఈ ప్రక్రియ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందితో ముందే తేల్చుకోండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే నెల లోపు ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు, ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. పొగ, ఖైనీ అలవాటుంటే ముందే మానాలి, నికొటిన్ టెండన్‌ను ఎముకకు సరిగ్గా అతుక్కోనివ్వకపోవచ్చు.

టెండన్ కుట్టించుకుంటే క్యాలెండర్ ఇలా ఉంటుంది: నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, అప్పుడు ఇంకొకరు కదిపితేనే కదలాలి. బండి నడపడం లేదు, కుడిచేత్తో బిందె ఎత్తడం లేదు. ఆరు నుంచి పన్నెండు వారాలు సొంతంగా ఎత్తడం, బరువు లేకుండా. మూడో నెల నుంచి తేలిక బరువులు. ఆరో నెల దాటాక పుల్స్, పుష్ ప్రెస్. తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు స్నాచ్. కుట్లు ఊడేది ఎక్కువగా మొదటి ఆర్నెల్లలోనే. పదో వారానికి నొప్పి బాగా తగ్గిపోవచ్చు, టెండన్ ఇంకా ఎముకకు సరిగ్గా అతుక్కుని ఉండదు, ఆ రెండింటి మధ్య ఎడంలోనే కుర్రాళ్లు బార్ పట్టుకుంటారు. కాలర్ ఎముక చివర కొద్ది మిల్లీమీటర్లు తీసేసే ఏసీ ఆపరేషన్ ఇంత కాదు, స్లింగ్ కొద్ది రోజులే, మూడు నాలుగు నెలల్లో బార్ కిందికి వెళ్లొచ్చు.

మీ మాస్టారి మాట గురించి. కొండవెలగాడ లాంటి ఊళ్లున్న జిల్లా మీది, తరాలుగా లిఫ్టర్లను చూసినవాళ్ల మాట తీసిపారేయలేం. స్లాప్ కుట్టించుకుని పాత బరువులకు తిరిగి రానివాళ్లను చూసి ఆయన అలా అని ఉంటే, అందులో నిజం ఉంది. పదేపదే జారే భుజానికి, అప్పుడే తెగిన టెండన్‌కు మాత్రం ఆ మాట వర్తించదు. అక్కడ కోత ఆలస్యమైతేనే లిఫ్టర్ పని అయిపోతుంది. ఈ తేడా ఆయనకూ చెప్పండి, రేపు ఇంకో కుర్రాడికి భుజం జారినప్పుడు పనికొస్తుంది. పన్నెండు వారాలు మిమ్మల్ని 60 కేజీల దగ్గర ఆపగలిగేది కూడా ఆయనే.

ముందు వీపు ఫొటోతో కలిపి నాలుగు పరీక్షలూ అయ్యాక, స్కేల్ మీద ఈ రోజు అంకెలు రెండు చేతులవీ రాసుకోండి. ఆరో వారం చివర మళ్లీ తూచి నాలుగు అంకెలూ మాకు పంపండి, రాత్రి నిద్ర ఎలా ఉందో ఒక ముక్క కలిపి. అప్పటికి కుడి చేతి అంకె కదలకపోతే ఎనిమిదో వారం కోసం ఆగకుండా పద్ధతి మార్చాలి.